లెయోనే రాజీనామా: లాక్‌హీడ్ నీడలో మరుగునపడ్డ మూడు నెలలు

ఇటలీలో క్రిస్టియన్ డెమోక్రాట్ల నేత, మాజీ ప్రధాని ఆల్డో మోరో హత్యపై చర్చ లేచినప్పుడల్లా, నాటి అధ్యక్షుడు జొవాన్ని లెయోనే ఎందుకు గద్దె దిగవలసి వచ్చిందన్న వివాదమూ మళ్లీ రాజుకుంటుంది. నేపుల్స్‌కు చెందిన ఈ క్రిమినల్ న్యాయవాది రాజ్యాంగ సభ సభ్యుడిగా మొదలై, రెండుసార్లు ప్రధానిగా పనిచేసి, 1971లో 23వ విడత ఓటింగులో అధ్యక్షుడైన సంగతి అందరికీ తెలిసిందే. అసలు ముడి 1978 మార్చి, జూన్ నెలల మధ్య ఉంది.

సి-130 సైనిక రవాణా విమానాల అమ్మకానికి అమెరికా విమాన కంపెనీ లాక్‌హీడ్ ఇచ్చిన లంచాల వ్యవహారంలో, లంచం పుచ్చుకున్న నేతకు పెట్టిన ‘యాంటెలోప్ కాబ్లర్’ అన్న మారుపేరు లెయోనేదని కొందరు, మోరోదని మరికొందరు ప్రచారం చేశారు. 1977 మార్చిలో ఇద్దరు మాజీ రక్షణ మంత్రులను పార్లమెంటు విచారణకు అప్పగించినప్పుడు, తమ పార్టీని వీధుల్లో విచారిస్తామంటే ఒప్పుకోబోమని సభలో నిలబడి చెప్పింది మోరోయే. సుమారు ఏడాదికి, 1978 మార్చి 16న, రెడ్ బ్రిగేడ్స్ అనే వామపక్ష తీవ్రవాద సంస్థ ఆయనను అపహరించింది. ప్రభుత్వం, మోరో, లెయోనేల సొంత పార్టీ అయిన క్రిస్టియన్ డెమోక్రాట్లు, కమ్యూనిస్టులు బేరసారాలు కుదరవని పట్టుబట్టగా, మోరో విడుదల కోసం జైల్లో ఉన్న ఒక తీవ్రవాదికి క్షమాభిక్ష పత్రంపై సంతకం చేయడానికి లెయోనే సిద్ధపడ్డారు. ఆ సంతకం జరగలేదు. మే 9న మోరో శవం దొరికింది.

నెల తిరిగాక, జూన్ 11న, పార్టీలకు ప్రభుత్వ నిధులు రద్దు చేయాలన్న రెఫరెండానికి 43 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. ప్రతిపాదన ఓడినా పార్టీలు బెదిరాయి. ప్రజాగ్రహానికి ఎవరినో ఒకరిని అప్పగించవలసిన ఆ ఘడియలో మోరో లేడు, లెయోనే ఉన్నాడు. కమ్యూనిస్టులు రాజీనామా కోరారు, సొంత పార్టీ అడ్డుపడలేదు. పదవీకాలం ఇంకా ఆరు నెలలే మిగిలి ఉండగా జూన్ 15న ఆయన టీవీలో, ఆరున్నరేళ్లు నిజాయితీపరుడే మీ అధ్యక్షుడిగా ఉన్నాడని చెప్పి తప్పుకున్నారు.

ఆయనపై అనుమానాలన్నీ గాలికి పుట్టినవి కావు. లాక్‌హీడ్ దళారులతో స్నేహం నిజం. 1963లో వాయోంత్ ఆనకట్ట దుర్ఘటన బాధితులకు ప్రధానిగా న్యాయం వాగ్దానం చేసి, ఆనక ఆనకట్ట కంపెనీ పక్షానే న్యాయవాదిగా నిలిచిన మచ్చ ఇప్పటికీ చెరగలేదు. అయితే లాక్‌హీడ్ కేసులో 1979లో రాజ్యాంగ న్యాయస్థానం శిక్షించిన మంత్రి మారియో తనస్సి. లెయోనే ఏనాడూ నిందితుడే కాలేదు. ఆనాడు ఆయనపై దండెత్తిన రాడికల్ పార్టీ నేతలు మార్కో పన్నెల్లా, ఎమ్మా బొనీనో 1998లో, ఆయన తొంభయ్యో పుట్టినరోజు సందర్భంగా, క్షమాపణ కోరుతూ ఉత్తరం రాశారు.