హుంగ్దువన్ మడులు ఎండకూడదు

ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవిలో, కార్డిలెరా కొండల నడుమ ఇఫుగావో ప్రావిన్స్‌లో హుంగ్దువన్ ఉంది. పేరుకి మున్సిపాలిటీయే గానీ మన మండలంలాంటిది. తొమ్మిది పల్లెలు, పది వేలలోపు జనం, బతుకుతెరువు వరి. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన కొండవాలున మెట్లుమెట్లుగా మలచిన ఐదు ఇఫుగావో వరి మడుల సముదాయాల్లో ఇక్కడిదొకటి. పైనుంచి చూస్తే సాలెగూడు అల్లినట్టుంటుంది.

ఈ మడుల అసలు కిటుకు నీళ్లలో ఉంది. కోత అయిపోయినా ఇక్కడి రైతు మడిని ఎండనివ్వడు. ఎండితే అడుగునున్న బురద బీటలు వారుతుంది, వానపాములు బొరియలు చేస్తాయి. మళ్లీ నీరు పెట్టగానే అది ఆ సందుల్లోంచి గట్టులోకి దిగుతుంది. బరువెక్కిన గట్టు రాళ్లతో సహా కింది మడిలోకి జారుతుంది. ఒక్క గట్టు జారితే దాని కింద ఉన్నవన్నీ ప్రమాదంలో పడ్డట్టే. అందుకే పంట లేని నెలల్లోనూ నీరు నిలుపుతారు. గడ్డినీ కలుపునీ నీళ్లమధ్య కుప్పలుగా పోసి, వాటి మీద కూరగాయలు పెంచుతారు. ఆ కుప్పలే కుళ్లి తర్వాతి పంటకు ఎరువవుతాయి.

ఆ నీరంతా ఎక్కడిది? మడులపైన కుటుంబాలు తరతరాలుగా కాపాడుకొస్తున్న అడవిది. దాన్ని ముయోంగ్ అంటారు. వాన నీటిని పట్టి ఉంచి ఊటలుగా వదిలేది అదే. వంటచెరకు, ఇంటి కలప కూడా అక్కడివే. ముయోంగ్ నరికితే కింద వరి ఉండదు. ఈ సంగతి అక్కడ ఏ రైతుకూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ మడుల వయసు రెండు వేల ఏళ్లకు పైమాటేనని చాలాకాలం అనుకున్నారు. బార్టన్, బేయర్ అనే అమెరికన్ పండితుల అంచనా అది. పురావస్తు శాస్త్రవేత్త స్టీఫెన్ అకబాడో బృందం ఇఫుగావోలోనే ఉన్న పాత కియ్యంగన్ ఊరి చోట తవ్వితే, పాత పొరల్లో చేమదుంప ఆనవాళ్లే దొరికాయి. తడి వరి సాగు 1650 ప్రాంతం నుంచే కనిపించింది. స్పానిష్ వాళ్ల ఒత్తిడికి కొండలెక్కిన జనం తమను తాము నిలబెట్టుకోవడానికి మడులను వేగంగా విస్తరించారని అకబాడో వాదన. దీనిపై చర్చ ఉంది. నా మటుకు, వయసు తగ్గినందువల్ల ఈ మడుల గొప్పతనం పెరిగిందే తప్ప తగ్గలేదు. దండయాత్రకు జవాబుగా కొన్ని తరాల్లోనే కొండలను మలచడం మామూలు సంగతా?

ఇక్కడి సంప్రదాయ వరి తినవోన్ ఏడాదికి ఒక్కసారే పండుతుంది. దున్నడం, నాటడం, గట్లు సరిచేయడం చాలావరకు మనుషుల చేతుల మీదే. చదువుకున్న యువత పనికోసం బాగియోకో మనీలాకో వెళ్లిపోతుంటే గట్లు చూసేవాళ్లు తగ్గారు. నిర్వహణ దెబ్బతిన్నందుకే 2001లో ఈ మడులు ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలోకి వెళ్లాయి. 2012లో బయటపడ్డాయి.

కోతలయ్యాక హపావో నదిలో దిగి ఊళ్లవాళ్లు పోటీపడి ఆడే పున్నుక్ లాగుడాటను 2015లో యునెస్కో గుర్తించింది. ఇప్పటికీ కోత ముగిశాకే అందరూ ఏట్లోకి దిగుతారు.