అమ్మది ఎ, నాన్నది బి, మరి నాది ఓ ఏంటి తాతయ్యా?

పర్లాకిమిడి

అమ్మలూ,

బడి కార్డు మీద నీ రక్తం ‘ఓ పాజిటివ్’ అని చూసి, అమ్మది ఎ, నాన్నది బి కాబట్టి నిన్ను రాయగడ సంతలో కొనుక్కొచ్చారని అన్నయ్య ఏడిపించాడట. ముప్పయ్యేళ్ళు ల్యాబులో రక్తాలు చూసినవాడి మనవరాలివి, ఆ మాటకి ఏడుస్తావా! ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. ఒడియా బడి అయితేనేం, అమ్మమ్మ నేర్పిన తెలుగు అక్షరాలు ఉన్నాయిగా, కూడబలుక్కుని చదువుకో. అన్నయ్యకీ వినిపించు.

మన ఎర్ర కణాల ఒంటినిండా చక్కెర గొలుసులు ఉంటాయి. నువ్వు తినే చక్కెర కాదులే, దానికి చుట్టాలు. గొలుసు చివర ఒకరకం చక్కెర అతికితే ఎ, ఇంకోరకం అతికితే బి, రెండూ ఉంటే ఎబి, ఏదీ అతక్కపోతే ఓ. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన రక్తాన్నీ, తోటి పనివాళ్ళ రక్తాల్నీ కలిపి చూసి ఈ గుట్టు పట్టాడు. ఎబి ఆ మరుసటి ఏడు బయటపడింది. ఆయనకి నోబెల్ వచ్చింది మాత్రం 1930లో.

నేను గ్రూపు ఎలా చూసేవాణ్ణో చెబుతాను. తెల్లటి పలక మీద మూడు రక్తపు చుక్కలు వేసేవాణ్ణి. ఒకదాంట్లో నీలం మందు, ఒకదాంట్లో పసుపు మందు, మూడోదాంట్లో రంగులేని మందు. పుల్లతో కలిపి పలకని అటూ ఇటూ వంచితే, కొన్ని చుక్కలు విరిగిన పాలలా రవ్వరవ్వగా విడిపోతాయి, కొన్ని నున్నగా ఉండిపోతాయి. నీలంలో రవ్వ కడితే ఎ, పసుపులో కడితే బి, రెండింట్లోనూ కడితే ఎబి, దేంట్లోనూ కట్టకపోతే ఓ. రంగులేని మందులో కడితే పాజిటివ్.

రెండు నిమిషాల్లో చూసెయ్యాలి. ఒక మే నెలలో ఫ్యాను కింద పెట్టి టీ తాగి వచ్చాను. చుక్క అంచులు ఎండిపోయి రవ్వలా కనిపిస్తే, ఓ గ్రూపు మనిషికి ఎ అని రాసేశాను. ఎక్కించే ముందు మా పెద్దాయన మళ్ళీ చూసి పట్టుకున్నాడు. ఓ గ్రూపు వాళ్ళ రక్తంలో ఎ మీదా బి మీదా విరోధం పుట్టిన కొన్ని నెలలకే తయారవుతుంది. ఎ రక్తం ఎక్కితే ఆ కణాలు ఒంట్లోనే పగిలిపోతాయి, ప్రాణానికే ముప్పు. ఆ టీ రుచి నాకు ఇప్పటికీ చేదే.

ఇక నీ సంగతి. ప్రతి మనిషి దగ్గరా రెండు చీటీలుంటాయి, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. ఓ గ్రూపు చీటీ ఖాళీ కాగితం. పక్కన ఎ గానీ బి గానీ ఉంటే అదే పైకి కనిపిస్తుంది, ఓ అడుగున నక్కి ఉంటుంది. మీ అమ్మ దగ్గర ఎ, ఓ ఉన్నాయి. నాన్న దగ్గర బి, ఓ ఉన్నాయి. బిడ్డకి చెరొకటి ఇస్తారు, ఏది ఇస్తారో వాళ్ళ చేతిలో లేదు. అన్నయ్యకి ఎ, బి దక్కి ఎబి అయ్యాడు. నీకు రెండు ఖాళీలూ వచ్చాయి. ఇంకో ఇద్దరు పుట్టి ఉంటే ఒకరు ఎ, ఒకరు బి కూడా కావచ్చు.

కొందరికి గొలుసు కొసే సరిగ్గా తయారవదు. పలక మీద ఓ లాగే కనిపిస్తారు గానీ ఓ రక్తం కూడా వాళ్ళకి పడదు. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే వాళ్ళు కనిపెట్టారు కాబట్టి దానికి బాంబే గ్రూపు అని పేరు. మన ఒడిశా కుటియా కొంధు గిరిజనుల్లోనూ కనిపించింది. నీది అది కాదు, కంగారు పడకు.

నాది ఎబి అని నీకు తెలుసుగా. నా దగ్గర ఓ చీటీ లేదు. అంటే మీ అమ్మ దగ్గరున్న ఖాళీ కాగితం అమ్మమ్మది. అమ్మ అన్నయ్యకి నా ఎ ఇచ్చింది, నీకు అమ్మమ్మది దాచి ఇచ్చింది. వాణ్ణి అడుగు, వాడి దగ్గర అమ్మమ్మ చీటీ ఉందేమో.

మీ తాతయ్య