చిరుగు వేరు, కన్నం వేరు: డిజిటల్ క్యారెక్టర్ల చిరిగిన బట్టలపై అపోహలు – వాస్తవాలు

మాది బరంపురం. ఊరు ఒడిశాలో ఉన్నా మా వీధిలో తెలుగే వినిపిస్తుంది, మగ్గం చప్పుడు వింటూనే పెరిగాం. తాత పట్టుచీరలు నేసేవాడు. నేను గేములకీ యానిమేషన్‌కీ త్రీడీ క్యారెక్టర్ల బట్టలు చేస్తాను. అందులోనూ చిరిగినవి, కాలినవి, మాసికలు వేసినవి నాకు ఇష్టమైన పని. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల మోడల్స్ చూస్తుంటే కొన్ని పొరపాట్లు మళ్లీ మళ్లీ కనబడుతున్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: ఆల్ఫా మాస్క్‌లో నల్లమచ్చ పెడితే చిరుగు వచ్చేస్తుంది.

ఆల్ఫా మాస్క్ అంటే బట్ట ఎక్కడ కనబడాలో, ఎక్కడ కనబడకూడదో చెప్పే నలుపు-తెలుపు బొమ్మ. నలుపున్నచోట బట్ట మాయమవుతుంది. అలా వచ్చేది కన్నం. నిప్పురవ్వ పడినా, పురుగు కొట్టినా, ఒకేచోట అరిగినా బట్టకి కన్నం పడుతుంది. చిరుగు సంగతి వేరు. నేసిన బట్టలో పడుగు నిలువుగా, పేక అడ్డంగా ఉంటాయి. లాగినప్పుడు చిరుగు ఈ రెండింట్లో ఏదో ఒకదాని వెంటే పోతుంది. మేకుకి తగులుకున్న చొక్కాని చూడండి. కాస్త దూరం పడుగు వెంట, కాస్త దూరం పేక వెంట చిరిగి, మూలలో ముక్కోణపు ముక్క ఒకటి వేలాడుతుంది.

నేర్చుకునే రోజుల్లో చిరిగిన చీర కట్టుకున్న ముసలమ్మ మోడల్ చేసి తాతకి చూపించాను. ఆయన స్క్రీన్ దగ్గరికి వంగి, కొంగు మీది చిరుగుని చాలాసేపు చూశాడు. "ఇక్కడ తెగింది ఏ పోగురా? పడుగా, పేకా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. లోపలికెళ్లి పాత పంచె ముక్క తెచ్చి చేతిలో పెట్టాడు. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి లాగమన్నాడు. సర్రుమని గీత గీసినట్టు పోయింది. ఈసారి ఐమూలగా లాగమన్నాడు. బట్ట సాగింది గానీ చిరగలేదు. ఇంకా గట్టిగా లాగితే తెగింది, తెగిన వెంటనే పక్కకి తిరిగి మళ్లీ పోగు దారే పట్టింది. తర్వాత ఆ మొదటి చిరుగు అంచుని వేలితో రుద్దాడు. అంచు వెంట ఉన్న పేక పోగులు ఒక్కొక్కటే ఊడొచ్చాయి, పడుగు కొసలు కుచ్చులా మిగిలాయి. ఆ ముక్క ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది.

అందుకే మాస్క్ ముట్టుకునే ముందు యూవీలు (త్రీడీ బట్టని విప్పి బల్లపరుపుగా పరిచిన నమూనాలు) సరిచేసుకుంటాను. చేతి ముక్క, వీపు ముక్క, కాలరు – ప్రతిదానిలో పడుగు ఎటు పోతోందో చూసి యూవీని తిన్నగా పెడతాను. త్రీడీ బట్టలు కుట్టే సాఫ్ట్‌వేర్ మార్వెలస్ డిజైనర్‌లో ప్యాటర్న్ ముక్క (కత్తిరింపు ముక్క) మీద ఆ దిశ బాణం గుర్తుతో కనిపిస్తూనే ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు.

అపోహ: చిరుగులు గీసే ఒక మంచి డిజిటల్ బ్రష్ సెట్ ఉంటే ఏ బట్టకైనా సరిపోతుంది.

జీన్స్‌లో పడుగు నీలం, పేక తెలుపు. పైకి తేలి ఉండేది ఎక్కువగా పడుగే కాబట్టి మోకాలి దగ్గర ముందు నీలం పోగులు అరిగిపోతాయి, తెల్ల పోగులు అడ్డంగా మిగులుతాయి. నిలువుగా తెల్ల పోగులు గీసిన జీన్స్ చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. టీషర్ట్ నేసిన బట్ట కాదు, అల్లిక. దానికి కుచ్చులు రావు, కోసినచోట అంచు చుట్టుకుపోతుంది. కాలిన నూలు నల్లబడి బూడిదగా రాలుతుంది. కాలిన పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. పాత పట్టుచీర మాత్రం ఎక్కువగా మడత మీదే పిగులుతుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో బీరువాలో ఉన్న చీరని విప్పి చూస్తే తెలుస్తుంది.

అపోహ: ఎంత చింపితే అంత పేదరికం కనబడుతుంది.

దీని మీద నాకు కోపమే ఉంది. లేనివాళ్లు బట్టని అలా వదిలేయరు. కుట్టుకుంటారు, మాసిక వేస్తారు, ఆ మాసిక అరిగితే దాని మీద ఇంకోటి వేస్తారు. గోపాల్‌పూర్ ఒడ్డుకి వెళ్లి వలలు లాగేవాళ్ల చొక్కాలు చూడండి. ఎండకీ ఉప్పుగాలికీ భుజాలు వెలిసిపోయి ఉంటాయి, చంక కింద మాత్రం అసలు రంగు అలాగే ఉంటుంది. బరువు మోసే భుజం దగ్గర బట్ట పలచబడుతుంది. లుంగీ కింది అంచు మడమ తగిలేచోట అరుగుతుంది. ఎక్కడ అరిగిందో చూస్తే ఆ మనిషి ఏం పని చేస్తాడో చెప్పొచ్చు. నేను క్యారెక్టర్ మొదలుపెట్టేటప్పుడు వేసుకునే మొదటి ప్రశ్న అదే. చిరుగులు ఎన్ని అన్నది ఆ తర్వాతే.

అపోహ: సిమ్యులేషన్‌లో చింపితేనే సహజంగా ఉంటుంది.

తెర మీద బట్ట చిరగడం చూపించాలంటే బట్ట కదలికని లెక్కగట్టే హౌడినీ వెల్లమ్ లాంటి సిమ్యులేషన్ సాధనం కావాలి. ముందే చిరిగిపోయిన బట్టకి అంత అవసరం లేదు. ప్యాటర్న్‌లోనే కోత పెట్టి, బరువుకి వేలాడనిస్తే చాలు.

అపోహ: రెండర్‌లో (మోడల్ నుంచి తీసిన బొమ్మలో) బాగుంటే పని అయిపోయినట్టే.

గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే గేమ్ ఇంజిన్‌లో పెట్టాకే అసలు టెన్షన్. పాలిగాన్లు (మోడల్‌ని కట్టే చిన్న పలకలు) తగ్గించడానికి చొక్కా కింద ఒంటిని తీసేయడం మామూలే. ఒకసారి సైనికుడి మోడల్‌కి భుజం మీద పెద్ద చిరుగు పెట్టి పంపాను. ఆ చిరుగులోంచి చర్మం కనబడాల్సింది, వెనకున్న ఆకాశం కనబడింది. రాత్రంతా కూర్చుని ఒంటిని మళ్లీ అతికాను. అప్పట్నుంచీ ఎక్కడ చిరుగుతుందో తేలాకే ఒంటిని కోస్తున్నాను.

ఇంకో చిక్కు ఉంది. సన్నటి పోగుల్ని మాస్క్‌తో చేస్తే దూరం వెళ్లేకొద్దీ మాయమైపోతాయి. టెక్స్చర్ (మోడల్ మీద అతికే బొమ్మ) చిన్న మిప్ స్థాయిలకి, అంటే దూరానికి వాడే చిన్న నకళ్లకి దిగినప్పుడు పోగు ఆల్ఫా చుట్టూ ఉన్న ఖాళీతో సగటై, కనబడాలా వద్దా తేల్చే కటాఫ్ కిందకి పడిపోతుంది. మిప్‌లు తయారయ్యేటప్పుడు ఆల్ఫా కవరేజ్ (కనబడే భాగం) కాపాడే సెట్టింగ్ ఆన్ చేసుకోండి. పోనీ కటాఫ్ బదులు బ్లెండ్ (సగం పారదర్శకంగా కలపడం) వాడదామంటే ముందు పీలిక వెనక్కీ, వెనక పీలిక ముందుకీ వచ్చినట్టు కనబడే సమస్య. అందుకని పెద్ద చిరుగుల్ని మెష్‌లోనే (మోడల్ ఆకారంలోనే) కోస్తాను, కుచ్చులకి జుట్టుకి వాడేలాంటి సన్న కార్డులు (పోగుల బొమ్మ అతికిన పలచటి పట్టీలు) పెడతాను, మాస్క్‌ని చిన్న కన్నాలకే వాడతాను. కోసిన అంచుకి కాస్త మందం ఇవ్వండి. బట్ట లోపలివైపుకి వేరే రంగు ఇవ్వండి, ఎండ తగలని వైపు అంతగా వెలవదు.

చివరగా రిగ్, అంటే మోడల్‌ని కదిలించే బోన్ల (ఎముకల) చట్రం. చిరుగుకి రెండువైపులా ఉన్న వెర్టెక్స్‌ల (మెష్ మూలబిందువుల) వెయిట్లు, అంటే ఏ బోన్‌తో ఎంత కదలాలో చెప్పే అంకెలు, అచ్చం ఒకేలా ఉంటే చెయ్యి ఎంత వంచినా ఆ చిరుగు బిగుసుకుపోయి ఉంటుంది. వేలాడే ముక్క మొదలుని చొక్కాతో పాటు కదలనిచ్చి, కొసని చిన్న బోన్‌కి వదిలేస్తాను. ఆ తర్వాత మోచేతిని తొంభై డిగ్రీలు వంచి చూస్తాను. చిరుగు నోరు తెరిస్తే ఫైలు పంపుతాను.