మరమ్మతు తర్వాత ఇంజన్‌లో కొత్త శబ్దం

సొంతంగా కారు మరమ్మతు ముగించి ఇంజన్ స్టార్ట్ చేయగానే, అంతకుముందు లేని టకటక శబ్దం వినిపిస్తే, లోపల ఏదో విరిగిపోయిందన్న భయం ముందు కలుగుతుంది. అయితే అలాంటి శబ్దాల మూలం చాలాసార్లు మన చేయి పడిన చోటనో, పనికి అడ్డం వచ్చిందని పక్కకు జరిపిన భాగంలోనో ఉంటుంది. అందుకే మరోసారి బానెట్ తెరిచే ముందు ఏయే బోల్టులు విప్పాం, ఏ గొట్టాలు ఊడదీశాం, ఏ క్లిప్పులు తొలగించాం అన్నది వరుసగా రాసుకోవడం మంచిది. మరమ్మతు తర్వాత వినిపించినంత మాత్రాన ప్రతి శబ్దమూ మరమ్మతు వల్లనే పుట్టిందని అనుకోవడానికీ వీల్లేదు. ఇంజన్ పైనుండే ప్లాస్టిక్ మూతను తిరిగి బిగించకపోతే, ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు సహజంగా చేసే టిక్ టిక్ శబ్దం కూడా కొత్త లోపంలా తోస్తుంది.

శబ్దం ఎంత గట్టిగా ఉందనే దానికన్నా దాని లయ ఎక్కువ విషయం చెబుతుందని నా అభిప్రాయం. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో, అంటే పిస్టన్ నాలుగు కదలికల్లో ఒక చక్రం ముగించే ఇంజన్‌లో, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది. ఒక్కో సిలిండర్‌లో ఇంధనం మండేదీ, ఒక్కో వాల్వు తెరుచుకునేదీ ఆ రెండు చుట్లకు ఒక్కసారే. బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుంటే, క్రాంక్ షాఫ్ట్ సెకనుకు సుమారు 13 సార్లు, క్యామ్ షాఫ్ట్ 7 సార్ల లోపు తిరుగుతాయి. కాబట్టి ఒక సిలిండర్‌లోని వాల్వులు, వాటిని నెట్టే ట్యాపెట్లు, స్పార్క్ ప్లగ్, ఎగ్జాస్ట్ దారి వంటి చోట్ల పుట్టే శబ్దం సెకనుకు ఆరేడు సార్లు వినిపిస్తుంది. క్రాంక్ పుల్లీ వదులైనప్పుడో, పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగినప్పుడో వచ్చే శబ్దం సాధారణంగా దానికి రెట్టింపు వేగంతో నడుస్తుంది. ఇంత వేగాన్ని చెవితో లెక్కపెట్టడం కష్టం. ఫోనులో రికార్డు చేసి, తరంగ రూపం చూపించే యాప్‌లో ఒక సెకను నిడివిలో ఎన్ని శిఖరాలున్నాయో లెక్కించి, మీటరులోని ఇంజన్ వేగంతో పోల్చితే స్పష్టమైన జవాబు దొరుకుతుంది. యాక్సిలరేటర్ తొక్కినా లయ మారడం లేదంటే, ఆ శబ్దం ఇంజన్ భ్రమణంతో సంబంధం లేని విద్యుత్ ఫ్యానుదో, పంపుదో అయి ఉంటుంది.

లయ ఒకటే అయినా మూలాలు వేరుగా ఉండవచ్చు. సరిగా బిగియని స్పార్క్ ప్లగ్ ఇందుకు మంచి ఉదాహరణ. పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్‌లోని వాయువు వాతావరణ పీడనానికి దాదాపు పది రెట్ల పీడనానికి చేరుతుంది, మండినప్పుడు అంతకు ఎన్నో రెట్లవుతుంది. ఆ వాయువు ప్లగ్ మరల (థ్రెడ్ల) సందుల్లోంచి బయటికి చిమ్మినప్పుడు వచ్చే చిట్ చిట్ శబ్దాన్ని ట్యాపెట్ శబ్దమని పొరబడడం చాలా తేలిక. సిలిండర్ల పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గాస్కెట్ (సందు మూసే పొర) దగ్గరి లీకు కూడా అలాగే వినిపిస్తుంది, కానీ చల్లని ఇంజన్‌లో ఎక్కువగా ఉండి, లోహం వేడెక్కి వ్యాకోచించి సందు మూసుకున్నకొద్దీ తగ్గుతుంది. ఆ చోట నల్లటి మసి గీత కూడా కనిపించవచ్చు. ప్లగ్ వదులుగా ఉందన్న అనుమానం ఉంటే బండి నడపకూడదు; సిలిండర్ హెడ్‌లోని మరలు పాడైతే ఆ నష్టం చాలా పెద్దది. ఇంజన్ చల్లారనిచ్చి, తయారీదారు చెప్పిన కొలత ప్రకారం బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించాలి.

చోటు కనిపెట్టడానికి మెకానిక్‌లు పొడవాటి స్క్రూడ్రైవర్‌నే వాడతారు. మొనను ఇంజన్ భాగానికి ఆనించి, పిడిని చెవికి నొక్కి పెడతారు. ఈ పద్ధతి వెనుక గట్టి భౌతికశాస్త్రం ఉంది. లోహానికీ గాలికీ సాంద్రతలోనూ దృఢత్వంలోనూ ఉన్న భారీ తేడా వల్ల, లోహంలోని ప్రకంపన శక్తిలో అధికభాగం వాటి సరిహద్దు దగ్గరే వెనక్కి పరావర్తనం చెందుతుంది. గాలిలోకి వచ్చిన కాస్త శబ్దం బానెట్‌కూ గోడలకూ తగిలి చెదిరిపోతుంది కనుక, దిక్కు తెలుసుకోవడానికి మన రెండు చెవులు ఆధారపడే సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ కాలవ్యత్యాసం గందరగోళమైపోతుంది. ఉక్కు కడ్డీ మాత్రం ప్రకంపనను నేరుగా చెవికి చేరుస్తుంది. ఒక్కచోట విని తీర్పు చెప్పకుండా ఆల్టర్నేటర్, వాటర్ పంపు, వాల్వ్ కవర్ల మీద మార్చి మార్చి విని పోల్చుకోవాలి. గాలి లీకుల బుసను పట్టడానికి కడ్డీ పనికిరాదు, దానికి చెవి దగ్గర పెట్టుకునే రబ్బరు గొట్టం కావాలి. తిరిగే బెల్టుకు దూరంగా, వదులు బట్టలు లేకుండా, కార్బన్ మోనాక్సైడ్ పేరుకోని ఆరుబయట ఈ పరీక్ష చేయాలి. ఫ్యాను ఎప్పుడైనా దానంతట అదే తిరగవచ్చు.

బెల్టు కీచుమంటుంటే పని సులభం. దూరం నుంచి బెల్టుకు గాడులున్న వైపు కొద్దిగా నీళ్లు చల్లినప్పుడు శబ్దం కాసేపు ఆగితే పుల్లీలు ఒకే వరుసలో లేవనీ, పెరిగితే బెల్టు బిగువు చాలక జారుతోందనీ అనుకోవచ్చు. ఆయిల్ ఫిల్టరు మార్చాక మొదటి కొద్ది సెకన్ల టిక్ టిక్ సహజం, కొత్త ఫిల్టరు నిండాలి కదా. అది ఆగకపోతే ఇంజన్ ఆపి ఆయిల్ మట్టం చూడాలి.

డాష్‌బోర్డులోని ఆయిల్ హెచ్చరిక దీపం వెలుగుతూ, లోపలినుంచి బరువైన దెబ్బల శబ్దం వస్తుంటే వెంటనే ఇంజన్ ఆపేయాలి. మళ్లీ స్టార్ట్ చేయకుండా బండిని లాగించుకుని వర్క్‌షాపుకు చేర్చాలి. క్రాంక్, క్యామ్ షాఫ్ట్‌లను జోడించి తిప్పే టైమింగ్ బెల్టు మార్చినవారు అసలు శబ్దం వచ్చేదాకా ఆగకూడదు. తాళం తిప్పే ముందే క్రాంక్ బోల్టుకు పానా పెట్టి, ఇంజన్ మామూలుగా తిరిగే దిశలోనే, చేత్తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పితే క్యామ్ షాఫ్ట్ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది, పుల్లీల మీది టైమింగ్ గుర్తులు మళ్లీ వాటి స్థానాలకు ఎదురుగా రావాలి. మధ్యలో గట్టిగా ఏదైనా అడ్డుపడితే అక్కడే ఆగి, బలం ఉపయోగించకుండా బెల్టు అమరికను మొదటినుంచి సరిచూడాలి, ఎందుకంటే అది పిస్టన్‌కు వాల్వు తగిలిన చోటు కావచ్చు.