మహిళల హాకీకి రెండు ప్రపంచ కప్‌లు ఉన్న రోజులు

2026 ఆగస్టులో పురుషుల, మహిళల హాకీ ప్రపంచ కప్‌లను ఒకేసారి జరపాలని అంతర్జాతీయ హాకీ సమాఖ్య నిర్ణయించింది. నెదర్లాండ్స్‌లో అమ్‌స్టెల్‌వేన్, బెల్జియంలో వావ్ర్ వేదికలు. ఇద్దరికీ అవే మైదానాలు, అవే తేదీలు. ఈ ఏర్పాటు చూస్తే మగవాళ్ల టోర్నీ ముందు పుట్టిందని, ఆడవాళ్లది దాని వెనకాల వచ్చిందని అనిపిస్తుంది. చరిత్ర అలా లేదు. పురుషుల తొలి ప్రపంచ కప్ 1971లో బార్సిలోనాలో జరిగింది. మహిళల జాతీయ జట్లు అంతకు నాలుగు దశాబ్దాల ముందే, 1930లో జెనీవాలో ఒకచోట చేరి ఆడాయి.

దీని మూలం ఇంగ్లండ్‌లో ఉంది. 1895లో అక్కడి మహిళలు తమకంటూ ఒక హాకీ సంఘం పెట్టుకున్నారు. పురుషుల సంఘాన్ని అనుబంధం అడిగితే కుదరదన్నారు. అయితే మా సంఘం పదవుల్లో మగవాళ్లు ఉండరని మహిళలు తేల్చేశారు. ఆ పట్టుదలే తర్వాత దేశాలు దాటింది. 1924లో పారిస్‌లో అంతర్జాతీయ హాకీ సమాఖ్య, అంటే ఎఫ్‌ఐహెచ్ ఏర్పడింది. మహిళలు దానిలో చేరకుండా 1927లో తమ సొంత అంతర్జాతీయ సమాఖ్యను నెలకొల్పుకున్నారు. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, అమెరికా, దక్షిణాఫ్రికా, డెన్మార్క్ దాని తొలి సభ్యులు.

ఈ సమాఖ్య కొన్నేళ్లకోసారి ఒక దేశంలో సమావేశం పెట్టేది, దానితో పాటే మ్యాచ్‌లూ జరిగేవి. జెనీవా తర్వాత కోపెన్‌హాగన్, ఫిలడెల్ఫియా, యుద్ధం ముగిశాక జొహానెస్‌బర్గ్, సిడ్నీ, ఇంకా ఎన్నో ఊళ్లు. ఈ టోర్నీల్లో కప్పు ఉండేది కాదు. పాయింట్ల పట్టిక, ఫైనల్, విజేత, ఏవీ లేవు. ఆట ఆడటానికే గానీ కప్పుల కోసం కాదని నిర్వాహకులు గట్టిగా నమ్మేవారు. గెలుపు లెక్కలు మొదలైతే డబ్బు, గొడవలు వెంట వస్తాయని వాళ్ల భయం. ఇప్పుడు వింటే వింతగా ఉంటుంది గానీ, జనం రాక మాత్రం తగ్గలేదు. 1951 నుంచి లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన ఇంగ్లండ్ మహిళల మ్యాచ్‌లకు స్కూలు పిల్లలు బస్సుల్లో వేల సంఖ్యలో వచ్చేవారు. మహిళల ఆటను ఎవరు చూస్తారని ఈరోజుకీ అడిగేవాళ్లున్నారు. వాళ్లకు వెంబ్లీ చరిత్ర చూపించాలి.

ఈ స్వతంత్రానికి మహిళలు మూల్యం కూడా కట్టారు. ఒలింపిక్స్‌లో హాకీ వ్యవహారం ఎఫ్‌ఐహెచ్ చేతిలో ఉంది. పురుషుల హాకీ 1908లోనే ఒలింపిక్స్‌లోకి వచ్చింది, మహిళల హాకీ మాత్రం 1980 దాకా ఆగింది. ఈలోగా కొన్ని దేశాల మహిళల జట్లు ఎఫ్‌ఐహెచ్ వైపు, మరికొన్ని మహిళా సమాఖ్య వైపు ఉండటంతో ఆట రెండుగా చీలింది. 1974లో ఎఫ్‌ఐహెచ్ ఫ్రాన్స్‌లోని మాండెల్యూలో తొలి మహిళల ప్రపంచ కప్ పెట్టింది. మరుసటి ఏడాదే మహిళా సమాఖ్య ఎడిన్‌బరోలో తన టోర్నీని తొలిసారి చాంపియన్‌షిప్‌గా మార్చింది. మొదటి కప్పు నెదర్లాండ్స్‌కు, రెండోది ఇంగ్లండ్‌కు. ఏడాది తేడాలో ఇద్దరు ప్రపంచ చాంపియన్లన్నమాట!

భారత మహిళల హాకీ గురించి మాట్లాడేటప్పుడు ఈ చీలికను గుర్తుపెట్టుకోవాలి. మాండెల్యూలో మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారు. ప్రపంచ కప్‌లో ఇప్పటికీ మన అత్యుత్తమ స్థానం అదే. అయితే అక్కడ ఆడిన పది జట్లలో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా లేవు. ఇది ఆ అమ్మాయిల ఘనతను తగ్గించే మాట కాదు. అప్పట్లో ఎవరు ఎవరితో ఆడాలో సమాఖ్యల రాజకీయమే నిర్ణయించేదని చెప్పడానికే ఇది.

1980 మాస్కో ఒలింపిక్స్‌లో సమాఖ్యల రాజకీయం స్థానంలో దేశాల రాజకీయం వచ్చింది. అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం వెళ్లినందుకు నిరసనగా పలు దేశాలు దూరంగా ఉన్నాయి. మహిళల హాకీకి జట్లు చాలక, అదే ఏడాది స్వాతంత్ర్యం పొందిన జింబాబ్వేకు పోటీలకు కొన్ని వారాల ముందు పిలుపు అందింది. ఆరు జట్లు ఒకదానితో ఒకటి ఆడాయి. రూపా సైనీ కెప్టెన్సీలో భారత్ ఆస్ట్రియాను 2–0తో, పోలండ్‌ను 4–0తో ఓడించి, జింబాబ్వేతో 1–1గా డ్రా చేసుకుంది. చెకొస్లొవేకియా, సోవియట్ జట్ల చేతిలో ఓడింది. ఒక్క పాయింట్ తేడాతో కాంస్యం పోయింది. మనతో డ్రా చేసుకున్న జింబాబ్వేకే స్వర్ణం దక్కింది. ఆ పాయింట్ గురించి మన దగ్గర ఎక్కడా పెద్దగా చర్చ ఉండదు. అదే ఒలింపిక్స్‌లో పురుషుల జట్టు స్వర్ణం గెలవడంతో వీళ్ల కథ మరుగున పడింది. నాకిది చాలా బాధ కలిగించే సంగతి.

ఒలింపిక్స్ తలుపు తెరుచుకున్నాక రెండు సమాఖ్యలు విడివిడిగా ఉండటంలో అర్థం లేకుండా పోయింది. 1980ల తొలి ఏళ్లలో మహిళా సమాఖ్య ఎఫ్‌ఐహెచ్‌లో కలిసిపోయింది. 1983 కౌలాలంపూర్ ప్రపంచ కప్ నుంచి అందరికీ ఒకటే టోర్నీ. దానివల్ల ఆటకు మేలే జరిగింది. కానీ యాభై ఏళ్లకు పైగా మహిళలే నడిపిన సంస్థ కనుమరుగైంది. ఎఫ్‌ఐహెచ్‌కు ఒక మహిళ అధ్యక్షురాలు కావడానికి 2001 దాకా పట్టింది. నెదర్లాండ్స్‌కు చెందిన ఎల్స్ వాన్ బ్రెడా వ్రీస్‌మన్ ఆ పదవిలోకి వచ్చారు.

మన దేశంలోనూ కొంచెం ఆలస్యంగా ఇలాంటిదే జరిగింది. మహిళల హాకీకి వేరే సమాఖ్య ఉండేది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఎలీజా నెల్సన్ జట్టు స్వర్ణం గెలిచింది. సూరజ్ లతా దేవి జట్టు 2002 కామన్వెల్త్ క్రీడల్లో, మరుసటి ఏడాది మన హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది. అవన్నీ ఆ పాత ఏర్పాటులోనే. తర్వాత పురుషుల, మహిళల హాకీ రెండూ హాకీ ఇండియా కిందకు వచ్చాయి. అయినా 2010 ఆరంభంలో మహిళా క్రీడాకారిణులు తమకు డబ్బు అందడం లేదని, విరాళాల కోసం బ్యాంకు ఖాతా తెరవాల్సి వచ్చింది. సంస్థ ఒకటైనంత మాత్రాన వాటా సమానం కాలేదు. మాస్కో తర్వాత మళ్లీ ఒలింపిక్స్‌లో అడుగు పెట్టడానికి మన అమ్మాయిలకు 36 ఏళ్లు పట్టింది. 2016 రియోలో చివరి స్థానం, అయిదేళ్లకు టోక్యోలో ఆస్ట్రేలియాను ఓడించి నాలుగో స్థానం. పారిస్‌కు మాత్రం అర్హత దక్కలేదు.

చిత్తూరు జిల్లా గోల్‌కీపర్ ఇతిమరపు రజని 2024 జనవరిలో ఒమన్‌లో జరిగిన తొలి మహిళల హాకీ ఫైవ్స్ (జట్టుకు అయిదుగురితో ఆడే హాకీ) ప్రపంచ కప్‌లో భారత్‌కు కెప్టెన్‌గా ఉండి జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లారు. మరుసటి ఏడాది హాకీ ఇండియా లీగ్‌లో మహిళల పోటీలు తొలిసారి నాలుగు జట్లతో మొదలయ్యాయి. పురుషుల లీగ్‌లో హైదరాబాద్ పేరుతో తూఫాన్స్ జట్టు ఉంది. మహిళల లీగ్ తొలి సీజన్‌లో ఆడిన నాలుగింటిలో ఏ తెలుగు నగరం పేరూ లేదు.