టీనేజ్ ప్రేమ కామెడీ తేలికా? ఎడిటింగ్ రూమ్ నుంచి అపోహలు - వాస్తవాలు

నేను ఫిల్మ్ ఎడిటర్‌ని. కుర్రకారు ప్రేమకథ అనగానే "అదేముంది, రెండు పాటలు, నాలుగు జోకులు" అనేస్తుంటారు. అలా అన్నవాళ్లకు నేను చూడమని చెప్పే సినిమా 'ఫ్లర్టింగ్'. జాన్ డుయిగన్ రాసి తీసిన ఆస్ట్రేలియా సినిమా. కాలం 1965, చోటు న్యూ సౌత్ వేల్స్. సరస్సుకు ఒక ఒడ్డున అబ్బాయిల బోర్డింగ్ స్కూలు, అవతలి ఒడ్డున అమ్మాయిలది.

అపోహ: నవ్వంతా జోకుల్లోంచే వస్తుంది.

వాస్తవం: ఇలాంటి కథలో నవ్వు పుట్టేది రూల్స్‌లోంచి. గంట, బెత్తం, ప్రిఫెక్టుల (తోటి పిల్లలపై అజమాయిషీ చేసే సీనియర్ విద్యార్థుల) నిఘా. హీరో డానీ అవతలి స్కూల్లో చదివే తన ప్రియురాలిని కలవాలంటే పడవ వేసుకుని సరస్సు దాటాలి. దొరికిపోతాడేమోనని మనకు టెన్షన్ ఉంటేనే నవ్వూ వస్తుంది.

పైగా డానీకి నత్తి. మా పనిలో ఇది చాలా సున్నితమైన చోటు. మాట కోసం అతను తడుముకునే క్షణాన్ని తొందరపడి కట్ చేస్తే ఆ పిల్లాడి తెగువ కనబడదు. మరీ సాగదీస్తే నత్తిని వెక్కిరించినట్టే. నేనైతే అలాంటిచోట వినేవాళ్ల ముఖానికి వెళ్తాను. ఎదుటి మనిషి ఓపిగ్గా వింటోందని కనబడితే చాలు, ప్రేక్షకులు కుర్రాడిని చూసి నవ్వరు, అతనితో కలిసి నవ్వుతారు.

అపోహ: ఇది నికోల్ కిడ్‌మన్ తొలి సినిమా, హీరోయిన్ ఆమే.

వాస్తవం: రెండూ తప్పే. ఆమె 1983లోనే 'బీఎంఎక్స్ బ్యాండిట్స్' చేసింది. ఇక్కడ ఆమెది సీనియర్ విద్యార్థిని పాత్ర. హీరోయిన్ థాండీవే న్యూటన్, తొలి సినిమా ఆమెది.

అపోహ: స్కూలు ప్రేమకథలో రాజకీయాలు ఇమడవు.

వాస్తవం: తెల్లవాళ్లు కానివారి వలసలను అడ్డుకునే 'వైట్ ఆస్ట్రేలియా' విధానం అప్పటికింకా పోలేదు, పూర్తిగా పోయింది 1973లో. అలాంటి దేశంలో, తెల్లపిల్లల స్కూల్లోకి ఉగాండా నుంచి ఒక నల్లమ్మాయి వచ్చింది, ఆమే మన హీరోయిన్. ఉగాండాలో పరిస్థితులు ముదిరేసరికి ఆమెకు తిరిగి వెళ్లక తప్పలేదు. ఈ నేపథ్యం తీసేస్తే వాళ్లను విడదీయడానికి ఏదో ఒక అపార్థాన్ని అతికించాలి. అలాంటి అతుకులు ఎడిటింగ్‌లో ఎంత సర్దినా తెలిసిపోతాయి.

అపోహ: ఇలాంటి సినిమాలను అవార్డులవాళ్లు పట్టించుకోరు.

వాస్తవం: 1990లో ఆస్ట్రేలియన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉత్తమ చిత్రం ఇదే.

అపోహ: మొదటి భాగం చూడకపోతే అర్థం కాదు.

వాస్తవం: డానీ కథ 1987లో వచ్చిన 'ది ఇయర్ మై వాయిస్ బ్రోక్'తో మొదలైన మాట నిజమే. అయినా ఇది దేనికదే నిండైన కథ. ముందు ఇదే చూడండి, డానీ నచ్చితే దాని దగ్గరికి వెళ్లండి.