112 ఓటముల జట్టు: అపోహలు - వాస్తవాలు

పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకు పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. నేనూ ముందు అక్కడికే వెళ్తాను. దర్శనం అయ్యాక మాత్రం కారు ఓక్‌లాండ్ వైపు తిప్పుతాను. అక్కడి విశ్వవిద్యాలయంలో పోస్వార్ హాల్ అనే భవనం ఉంది. లోపల నడిచే దారిలో, నేలలో గాజు పలక కింద ఐదు మూలల తెల్లటి దిమ్మ ఒకటి కనిపిస్తుంది. ఒకప్పటి ఫోర్బ్స్ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానం హోమ్ ప్లేట్ అది, అంటే బ్యాటర్ పక్కన నిలబడి ఆడే పలక. పిల్లలు ఫోన్లు చూసుకుంటూ దాని మీంచే నడిచిపోతుంటారు.

1952లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ జట్టు సొంత మైదానం అదే. ఆ ఏడాది వాళ్లు 42 గెలిచి 112 ఓడారు. అగ్రస్థానంలో ఉన్న బ్రూక్లిన్ డాడ్జర్స్‌కి యాభై నాలుగున్నర ఆటలు వెనకబడ్డారు (గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి సగం చేస్తే వచ్చే లెక్క ఇది). ఆటల లెక్కలు చూడటం నా ఉద్యోగం, అందులోనూ ఓడిన జట్ల లెక్కలంటే కాస్త మోజు ఎక్కువ. ఈ సీజన్ గురించి మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: పదింటిలో రెండుమూడు గెలిచారుగా, మరీ అంత ఘోరమేం కాదు.

ఇది క్రికెట్ కళ్లతో చూసేవాళ్ల మాట. మా బావమరిది వాదన ఇదీ: "మన డెక్కన్ చార్జర్స్ 2008లో పద్నాలుగు ఆడి రెండే గెలిచింది, మరుసటేడు కప్పు కొట్టింది. వీళ్లు అంతకంటే నయమే కదా బావా?" శాతం చూస్తే అతనిదే రైటు. చార్జర్స్‌ది 14 శాతం, పైరేట్స్‌ది 27.

కానీ పద్నాలుగు ఆటల్లో అదృష్టానికి చాలా చోటుంది. ఓ రెండు ఆఖరి ఓవర్లు, ఓ టాస్, ఓ గాయం చాలు, పట్టిక తలకిందులవుతుంది. 154 ఆటల్లో ఆ పప్పులు ఉడకవు. నాణేన్ని 154 సార్లు ఎగరేస్తే బొమ్మ 77 సార్లకి అటూ ఇటూగా ఓ పన్నెండు తేడాలో పడుతుంది, అంతకు మించి పక్కకి పోవడం అరుదు. 42 అంటే ఏకంగా 35 తక్కువ. బేస్‌బాల్ వాళ్లలో ఓ పాత మాట ఉంది: ఎంత గొప్ప జట్టైనా మూడో వంతు ఓడుతుంది, ఎంత చెత్త జట్టైనా మూడో వంతు గెలుస్తుంది, తేల్చుకోవాల్సింది మిగతా మూడో వంతే. డాడ్జర్స్ కూడా ఆ ఏడాది 57 ఓడారు. 154లో మూడో వంతంటే 51. పైరేట్స్ ఆ ఊరికే వచ్చే వాటా కూడా పూర్తిగా దక్కించుకోలేదు.

అపోహ: కాలం కలిసిరాలేదు, అంతే.

కలిసిరాలేదు నిజమే, కానీ నాలుగు ఆటల మేరకే. ఆ ఏడాది పైరేట్స్ చేసిన పరుగులు 515, ఇచ్చినవి 793. చేసిన పరుగుల వర్గాన్ని, చేసినవాటి వర్గమూ ఇచ్చినవాటి వర్గమూ కలిపిన మొత్తంతో భాగిస్తే జట్టు ఎన్ని గెలవాల్సిందో సుమారుగా తెలుస్తుంది. బేస్‌బాల్ గణాంకాల రచయిత బిల్ జేమ్స్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇది, మా పనిలో రోజూ వాడతాం. వేసి చూడండి, 46 వస్తుంది. నాలుగు గెలుపులు దేవుడు కాజేశాడనుకుందాం. మిగతా 108 ఓటములు సొంత కష్టార్జితం.

అపోహ: 21 ఆటలు ఓడిన పిచ్చర్ (బంతి వేసేవాడు) జట్టును ముంచాడు.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిచ్చర్లను ఓటముల లెక్కన వరస పెట్టి పట్టిక తయారుచేశాను. మర్రీ డిక్సన్ అట్టడుగున పడ్డాడు: 14 గెలుపులు, 21 ఓటములు. మా పెద్దాయన పట్టిక చూసి, పెన్సిల్‌తో ఆ పేరు చుట్టూ సున్నా చుట్టి, "జట్టు మొత్తం గెలిచింది ఎన్ని?" అని అడిగారు. నలభై రెండన్నాను. "మరి ఇతనివి?" అన్నారు. సరిగ్గా మూడో వంతు. ఇంకేం మాట్లాడను?

ఓటమి పిచ్చర్ ఖాతాలో ఎలా పడుతుందో చూడండి. అవతలి జట్టును చివరిదాకా ఆధిక్యంలో నిలబెట్టిన పరుగు ఎవరి పేరున వస్తే ఓటమి వాళ్లది. సొంత బ్యాటర్లు ఆటకు మూడు పరుగుల చిల్లర మాత్రమే చేస్తుంటే, ముచ్చటగా బంతి వేసినవాడు కూడా నాలుగు పరుగులిస్తే చాలు, ఓటమి మెడకు చుట్టుకుంటుంది. పైగా 21 ఓడాలంటే అన్నిసార్లు బంతి చేతికివ్వాలి. చేతకానివాడికి అన్నిసార్లు ఎవరిస్తారు? అంతకు ముందు ఏడాది ఇదే డిక్సన్ ఇదే జట్టుకు 20 ఆటలు గెలిచిపెట్టాడు.

అపోహ: ఒక్క పెద్ద స్టార్ ఉంటే జట్టు ఇలా ఓడదు.

స్టార్ ఉన్నాడు. రాల్ఫ్ కైనర్ 1952లో 37 హోమ్ రన్లు (కంచె దాటించే దెబ్బలు) కొట్టి, షికాగో కబ్స్ ఆటగాడు హాంక్ సావర్‌తో సమానంగా, పైరేట్స్ ఆడే నేషనల్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. అలా మొదటి స్థానంలోనో, సమానంగానో నిలవడం అతనికి అది వరుసగా ఏడో ఏడు. ఫోర్బ్స్ ఫీల్డ్‌లో ఎడమ వైపు కంచెను 1947లో తమ బ్యాటర్ హాంక్ గ్రీన్‌బర్గ్ కోసం 365 అడుగుల నుంచి 335కి ముందుకు జరిపారు, ఆ తర్వాత ఆ చోటుకి కైనర్ పేరే వచ్చింది. దగ్గరైన కంచె వచ్చిన అతిథులకూ దగ్గరేనన్న సంగతి జనం మరిచిపోతారు.

జనరల్ మేనేజర్ బ్రాంచ్ రికీ లెక్క వేరు. జీతం పెంపు దగ్గర కైనర్‌తో ఆయన అన్నట్టు చెప్పుకునే మాట ప్రసిద్ధం: నువ్వున్నా ఆఖరి స్థానమే వచ్చింది, నువ్వు లేకపోయినా అదే వస్తుంది. 1953 జూన్ 4న కైనర్‌ను కబ్స్‌కి ఇచ్చేశారు. మాట కటువే కానీ లెక్క తప్పు కాదు. ఒక బ్యాటర్ తన వంతు తొమ్మిది మందికోసారి మాత్రమే ఆడతాడు.

రికీకి తట్టనిది ఇంకోటి ఉంది. అన్ని ఓటముల మధ్యా 1952లో మైదానానికి సుమారు 6.86 లక్షల మంది వచ్చారు. అదే ఏడు బోస్టన్ బ్రేవ్స్‌కి 2.81 లక్షల మందే వచ్చారు, వాళ్లు ఊరే మారిపోయారు. పిట్స్‌బర్గ్ జనం కైనర్ ఆఖరి వంతు చూసి లేచి ఇళ్లకు పోయేవారని చెబుతారు. గెలుపు కోసం రాని జనాన్ని పట్టుకొచ్చినవాడు అతనే.

అపోహ: మేనేజర్ (మైదానంలో జట్టును నడిపే కోచ్) చేతకానివాడు.

బిల్లీ మేయర్ 1948లో ఇదే జట్టును 83 గెలుపుల దాకా తీసుకెళ్లాడు. 1952 అయ్యాక తప్పుకున్నాడు. తర్వాత పైరేట్స్ అతని 1వ నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశారు. 112 ఓడిన మనిషికి అంత గౌరవం!

అపోహ: కుర్రాళ్లను దింపితే ఓడుతూనే నేర్చుకుంటారు.

రికీ మామూలు మనిషి కాదు. ఆధునిక పెద్ద లీగుల్లో మొదటి నల్లజాతి ఆటగాడైన జాకీ రాబిన్సన్‌ను డాడ్జర్స్‌లోకి తెచ్చింది ఆయనే. పిట్స్‌బర్గ్ వచ్చాక పాతవాళ్లను తగ్గించి, కుర్రాళ్లను నేరుగా పెద్ద లీగులోకి నెట్టాడు. కొరియా యుద్ధం కూడా కొందరిని లాక్కుపోయింది. వెర్న్ లా లాంటి పిచ్చర్ ఆ ఏడాది సైన్యంలో ఉన్నాడు.

రాన్ నెచ్చాయ్ కథ చూడండి. 1952 మే 13న కింది లీగులోని బ్రిస్టల్ జట్టుకు ఆడుతూ, కడుపులో పుండు బాధిస్తుంటే, తొమ్మిది ఇన్నింగ్స్‌లో 27 మందిని స్ట్రైక్ అవుట్ (మూడు స్ట్రైకులతో ఔట్) చేశాడు. ఆటంతా కలిపి తీయాల్సిన అవుట్లే 27. మూడో స్ట్రైక్ బంతి క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) చేతిలోంచి జారి ఒకడు బతికిపోతే, ఆఖరి ఇన్నింగ్స్‌లో నాలుగో వాణ్ని కూడా స్ట్రైక్ అవుట్ చేయాల్సి వచ్చింది. వయసు పంతొమ్మిది. అదే ఆగస్టులో పైరేట్స్ పైకి పిలిచారు. ఒకటి గెలిచి ఆరు ఓడాడు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఏడు పరుగులకు పైనే ఇచ్చాడు. తర్వాత సైన్యం, చెయ్యి నొప్పి. పెద్ద లీగులో మళ్లీ కనిపించలేదు. ఓటమి వాణ్ని పాడుచేసిందని నేననను, చెయ్యి ఎలాగైనా పోయేదేమో. నేర్పిందని మాత్రం ఎవరూ అనకండి.

డిక్ గ్రోట్ దీనికి ఎదురు ఉదాహరణ. జూన్‌లో డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి నేరుగా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య కాపలా) స్థానానికి వచ్చి .284 సగటున (వెయ్యి ప్రయత్నాలకు 284 హిట్ల లెక్కన) కొట్టాడు. ఒక్కడు నిలిచాడు కదాని పద్ధతి మంచిదనలేం.

అపోహ: మంచి డ్రాఫ్ట్ స్థానం (కొత్త కుర్రాళ్లను ఎంచుకోవడంలో ముందు వంతు) కోసం కావాలని ఓడారు.

అప్పటికి కొత్త కుర్రాళ్ల డ్రాఫ్టే లేదు. అది 1965లో వచ్చింది.

అపోహ: 1952 ఓటములే 1960లో పైరేట్స్ గెలిచిన వరల్డ్ సిరీస్ కప్పుకు విత్తనం.

పిట్స్‌బర్గ్‌లో అందరికీ ఇష్టమైన కథ. నాకూ ఇష్టమే, కానీ కాగితం ఒప్పుకోదు. మధ్యలో 1953, 1954, 1955 కూడా ఆఖరి స్థానాలే. 1955 తర్వాత రికీ పదవి దిగాడు, జో బ్రౌన్ వచ్చాడు. 1960 జట్టుకు ప్రాణమైన రోబెర్టో క్లెమెంటేని 1954 చివర్లో డాడ్జర్స్ మైనర్ లీగ్ (కింది లీగు) జట్టు నుంచి, అప్పటికే ఉన్న వేరే రకం డ్రాఫ్ట్‌లో ఎంచుకున్నారు. ఆ ఏడాది ఆఖరున ఉండబట్టే మొదటి అవకాశం దక్కింది. అంటే ఓటమి నిజంగా ఉపయోగపడింది, కానీ అది 1954 ఓటమి. రెండో బేస్ ఆటగాడు బిల్ మాజెరోస్కీకి 1952లో పదిహేనేళ్లు, బడి పిల్లాడు.

1952లో పైరేట్స్‌కి ఆడి, 1960 అక్టోబర్ 13న యాంకీస్ మీద వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో మైదానంలోకి దిగినవాళ్లు ఇద్దరే. ఒకరు గ్రోట్, ఆ ఏడాది లీగులో అత్యుత్తమ ఆటగాడు. రెండోవాడు పిచ్చర్ బాబ్ ఫ్రెండ్. 1952లో అతని లెక్క 7 గెలుపులు, 17 ఓటములు. ఆ రోజు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, జట్టు 9-7తో ముందుండగా బంతి అందుకున్నాడు. ఇద్దరికి వేశాడు, ఇద్దరూ సింగిల్ కొట్టారు, వెంటనే బయటికి పిలిచేశారు. స్కోరు 9-9 అయింది. తర్వాత బడి పిల్లాడొచ్చి హోమ్ రన్ కొట్టాడు.